హెచ్4 ఈఏడీ ఆగిపోతే కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు సాయం అడిగాను: నా అనుభవం

2025 సెప్టెంబర్ 3న, 50 రోజుల తర్వాత, మళ్ళీ ఉద్యోగంలో చేరాను. ఇది రాసేటప్పటికి ఈఏడీ కార్డు, అంటే అమెరికాలో పనిచేసుకోవడానికి అనుమతి కార్డు, చేతికి వచ్చి ఇంకా రెండు వారాలు కాలేదు. తేదీలన్నీ గుర్తున్నప్పుడే రాసిపెడదామని కూర్చున్నాను. మే నెలలో నేను రాత్రిళ్ళు నిద్ర మానుకుని ఆ కార్డు ఆగిపోతే కాంగ్రెస్ సభ్యుడి (అమెరికా పార్లమెంటులో మన ప్రాంతపు ప్రతినిధి) ఆఫీసు సాయం అడగడం మీద తెలుగులో ఎవరైనా మొదటి నుంచి చివరిదాకా రాశారేమోనని వెతికాను. దొరికినవన్నీ "కాంగ్రెస్‌మన్‌కి రాయండి, పనైపోతుంది" అనో, "అదంతా దండగ" అనో ఒక్క ముక్కలో తేల్చేసినవే. నాకు ఆ రెండూ జరగలేదు.

మేం ఉండేది టెక్సస్‌లో. మా ఆయనది హెచ్1బీ, అంటే ఉద్యోగ వీసా. కంపెనీ వేసిన గ్రీన్ కార్డు పిటిషన్ (ఐ-140) అప్రూవ్ అయి ఏళ్ళు గడిచాయి, గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం. నాది హెచ్4, అంటే హెచ్1బీ వాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా. దాని ఈఏడీ మీద డేటా అనలిస్టుగా పనిచేస్తున్నాను. మా ఇద్దరి ఐ-94లు (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం), నా ఈఏడీ, నా డ్రైవింగ్ లైసెన్సు అన్నీ ఒకే రోజుతో అయిపోయేవి. 2025 జూలై 14.

ఫిబ్రవరి 6న ఆయన కంపెనీ లాయరు మూడు అప్లికేషన్లూ ఒకే కవర్లో పంపారు. ఆయన హెచ్1బీ పొడిగింపు, నా హెచ్4 పొడిగింపు (ఐ-539), నా ఈఏడీ (ఐ-765). నావి రెండింటికీ 470, 520 కలిపి 990 డాలర్ల ఫీజు మేమే కట్టుకున్నాం. నా ఫైలుకు లాయరు ఇంకో 700 తీసుకున్నారు. ఆయనదానికి కంపెనీ 2,805 డాలర్లు పెట్టి ప్రీమియం (త్వరగా చూడటానికి కట్టే అదనపు ఫీజు) వేసింది, ఫిబ్రవరి 20కల్లా అప్రూవ్ అయింది. నావి రెండూ ఎక్కడివక్కడే.

పక్కింటి అక్కకి 2024లో వాళ్ళాయనతో పాటే రెండు వారాల్లో వచ్చేసింది. మాకూ అంతే అనుకున్నాం. లాయరు ఆఫీసులో అడిగితే అప్పుడు చెప్పారు. 2023 జనవరిలో ఒక కోర్టు కేసులో కుదిరిన ఒప్పందం వల్ల రెండేళ్ళపాటు భర్త ఫైలుతో కలిపి భార్య ఫైళ్ళు కూడా చూసేవాళ్ళట. ఆ గడువు 2025 జనవరి 18తో ముగిసింది. మా కవరు వెళ్ళింది దాని తర్వాత 19 రోజులకి. హెచ్4కి విడిగా ప్రీమియం కడదామంటే అసలు ఆ వీలే లేదు.

ఇంకో విషయం మా హెచ్ఆర్‌కే తెలియదు. అప్పట్లో (2025లో) ఈఏడీ రెన్యువల్ సకాలంలో వేస్తే పాత కార్డు 540 రోజులు ఆటోమేటిక్‌గా చెల్లుతుందని రసీదు మీదే రాసి ఉండేది. అది చూసి హెచ్ఆర్ వాళ్ళు "నీకేం భయం లేదు" అన్నారు, నేనూ నమ్మాను. కానీ హెచ్4 వాళ్ళకి ఆ 540 రోజులు ఐ-94 తేదీ దాటి పనిచేసేవి కాదు. ఐ-94 ఎప్పుడు అయిపోతే అప్పుడే ఆగాల్సి వచ్చేది. నాకు రెండూ ఒకే రోజు కాబట్టి ఆ పొడిగింపు ఉన్నా లేనట్టే. ఈ సంగతి ఏప్రిల్ 22న లాయరు రాసిన మెయిల్లో చదివాను. పాపని స్కూల్ నుంచి తీసుకొచ్చే టైమ్. పార్కింగ్‌లో కారులో కూర్చుని ఆ మెయిల్ నాలుగుసార్లు చదివాను.

ఇండియా వెళ్ళి వీసా స్టాంపింగ్ చేయించుకుని కొత్త ఐ-94తో రావడం ఇంకో దారి. స్లాట్లు, టికెట్లు, పాప స్కూలు, అక్కడ ఏదైనా ఆగిపోతే ఎలా అన్న భయం, అన్నీ లెక్కేసుకుని మానుకున్నాం.

మార్చి నుంచి మే దాకా జరిగిందల్లా ఒక్కటే, పొద్దున లేవగానే ఫోన్లో కేస్ స్టేటస్ చూడటం. ఇమిగ్రేషన్ ఏజెన్సీ (యూఎస్‌సీఐఎస్) వెబ్‌సైటులో మన రసీదు తేదీ కొడితే, ఎప్పటి నుంచి ఆలస్యం గురించి అడగొచ్చో ఒక తేదీ చూపిస్తుంది. నాకు నవంబర్ తేదీ చూపించింది. అప్పటిదాకా అది మామూలు టైమ్ కిందే లెక్క, ప్రశ్న కూడా తీసుకోదు. కస్టమర్ లైన్‌కి ఫోన్ చేస్తే ముందు మెషీన్ మాట్లాడుతుంది. మనిషి లైన్లోకి రావడానికి నాకు ఒకసారి 50 నిమిషాలు పట్టింది. ఆ మనిషికి కూడా నా స్క్రీన్ మీద కనిపించేదే కనిపిస్తుంది.

మే 27, మంగళవారం సాయంత్రం. పక్కింటి అక్క తలుపు దగ్గర నిలబడే చెప్పింది, "కాంగ్రెస్‌మన్ ఆఫీసుకి రాయవే. మా తమ్ముడి కూతురి పాస్‌పోర్టు వాళ్ళే కదిలించారు." నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "మనకి ఓటు లేదు కదా అక్కా, మనల్ని ఎవరు పట్టించుకుంటారు?"

నిజం చెప్పాలంటే ఓటు సంగతి పైకి చెప్పిన కారణం. లోపల ఉన్నది వేరు. నా చిన్నప్పుడు నాన్న పట్టాదారు పాస్‌పుస్తకం కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే ఆరింటికి వెళ్ళి నిలబడేవారు. చేతిలో కాగితాల కవరు, తెల్ల చొక్కా. మధ్యలో ఒక మనిషి, ఆయనకి తెలిసిన ఇంకో మనిషి. మూడు నెలలు తిరిగాక ఒక సిఫారసు ఉత్తరం వచ్చింది. ఆ రోజుల్లో ఇంటికి వచ్చి చొక్కా విప్పి గోడకి తగిలించేటప్పుడు నాన్న మొహం నాకు ఇప్పటికీ గుర్తే. నాయకుడి ఆఫీసు అనగానే నా మనసు ఆ గోడ దగ్గరికే పోయింది.

ఆ రాత్రి చదివితే తెలిసింది. ఇక్కడ ఓటు అక్కర్లేదు. ఆ నియోజకవర్గంలో నివాసం ఉంటే చాలు. కాంగ్రెస్ దిగువ సభలోని 435 సీట్లు రాష్ట్రాలకు పంచేది పదేళ్ళకోసారి తీసే జనాభా లెక్కల్ని బట్టి, ఆ లెక్కలో పౌరులే కాదు, ఇక్కడ ఉంటున్న అందరూ ఉంటారు. 2020 ఏప్రిల్లో లాక్‌డౌన్‌లో కూర్చుని మా ఇంటి ఫారం నింపింది నేనే. మా ముగ్గురి పేర్లూ రాశాను. అది గుర్తుకు రాగానే కొంచెం ధైర్యం వచ్చింది.

మర్నాడు మొదటి తప్పు చేశాను. వాషింగ్టన్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తిన కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, ఇలాంటి పనులు అక్కడ చూడరు, మన ఊరి దగ్గరుండే డిస్ట్రిక్ట్ ఆఫీసు చూస్తుంది అని. రెండో తప్పు, జిప్ కోడ్ కొట్టి వచ్చిన పేరునే ఖాయం చేసుకున్నాను. మా జిప్ కోడ్ రెండు నియోజకవర్గాల్లోకి వస్తుందట. ఇంటి అడ్రస్ మొత్తం కొడితేగానీ అసలు సభ్యుడెవరో తేలలేదు. పక్క నియోజకవర్గానికి పంపి ఉంటే మీది మా పరిధి కాదని తిప్పి పంపేవాళ్ళు, వారం పోయేది.

మూడో తప్పుకి నిజంగానే రోజులు పోయాయి. ఆ ఆఫీసు వెబ్‌సైటులో "ప్రభుత్వ ఏజెన్సీతో సాయం" అన్న పేజీ ఉంది. అందులో ప్రైవసీ రిలీజ్ ఫారం. మన రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఏజెన్సీ కూడా మన ఫైలు గురించి కాంగ్రెస్ ఆఫీసుకి చెప్పదు. ఆ అనుమతే ఈ ఫారం. మే 30న మా ఆయన కూర్చుని అంతా నింపి, ఆయనే సంతకం పెట్టి పంపేశారు. ఇంట్లో కాగితాల పని ఎప్పుడూ ఆయనదే. జూన్ 3న తిరిగొచ్చింది. అప్లికేషన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే సంతకం పెట్టాలి. ఐ-539, ఐ-765 రెండూ నా పేరు మీదున్నాయి, ఆయన సంతకం అక్కడ చెల్లదు. పైగా ఆ ఆఫీసు వాళ్ళకి ప్రింట్ తీసి పెన్నుతో పెట్టిన సంతకమే కావాలి. ఇంట్లో ప్రింటర్ పాడై ఉంది. లైబ్రరీకి వెళ్ళి ప్రింట్ తీసి, అక్కడే బల్ల మీద సంతకం పెట్టి, అక్కడే స్కాన్ చేసి పంపాను.

ఫారంలో ఒక గడి దగ్గర ఆగాను. "ఇదే విషయంలో ఇంకెవరైనా కాంగ్రెస్ సభ్యుడిని గానీ సెనేటర్‌ని గానీ సంప్రదించారా?" నేను ముందురోజు రాత్రే టెన్షన్‌తో మా రాష్ట్రపు ఇద్దరు సెనేటర్ల (పై సభ సభ్యులు) వెబ్‌సైట్లలోనూ నింపేసి ఉన్నాను. ఎంత ఎక్కువమందికి చెప్తే అంత మంచిదనుకున్నాను. దాచకుండా "అవును" అని రాశాను. తర్వాత కేస్‌వర్కర్ (కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో ఇలాంటి ఫైళ్ళు చూసే ఉద్యోగి) చెప్పింది, ఒకే ఫైలు మీద మూడు ఆఫీసులు అడిగితే జవాబు రాసేవాళ్ళు ఎవరికి రాయాలో తేల్చుకోవడంతోనే సరిపోతుందని, ఎవరో ఒకరిని ఉంచుకుని మిగతావాళ్ళకి వద్దని చెప్పమని. సెనేటర్ల ఆఫీసులకి అదే రోజు మెయిల్ పెట్టి వెనక్కి తీసుకున్నాను.

లాయరు ఆఫీసుకీ చెప్పాను. అక్కడి పారాలీగల్ (లాయరు సహాయకురాలు) పెద్దగా ఇష్టపడలేదు. "దానివల్ల ఫైలు పక్కన పెట్టేస్తారు, ఇంకా ఆలస్యమవుతుంది" అంది. నాకు భయం వేసింది. రెండు రోజులు ఏమీ చేయలేకపోయాను. చివరికి లాయరుతోనే మాట్లాడితే ఆయన, "అడిగినందుకు శిక్ష ఉండదు. కానీ మీరు వాళ్ళకి ఏం పంపినా నాకు కాపీ పెట్టండి, రెండు చోట్ల రెండు మాటలు ఉండకూడదు" అన్నారు. ఆ మాట చివరిదాకా పాటించాను.

జూన్ 10, ఉదయం పది దాటింది. తెలియని నంబరు నుంచి ఫోన్. కేస్‌వర్కర్. గొంతు చూస్తే యాభై దాటిన ఆవిడలా అనిపించింది. నేను అప్పటికే మూడు పేజీల ఉత్తరం రాసి పంపి ఉన్నాను. ఏళ్ళ తరబడి లైన్లో ఉన్నామని, పాప ఇక్కడే పుట్టిందని, ఎంత పన్ను కడుతున్నామో, ఈ ఎదురుచూపులు ఎంత కష్టమో, అన్నీ రాశాను. రాస్తూ ఏడ్చాను కూడా. ఆవిడ అది చదివానంది. కాసేపు ఆగి, "జూలై 14న ఏమవుతుంది? అది చెప్పండి" అంది.

నేను మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టబోతే ఆపింది. "ఏ తేదీన ఏం ఆగిపోతుంది, ఎంత డబ్బు, దానికి కాగితం ఏముంది. ఈ మూడే నాకు ఉపయోగపడతాయి. మిగతాదంతా నేను అర్థం చేసుకున్నాను, కానీ అవతల చదివే ఆఫీసర్‌కి ఒక్క పేజీ చదివే టైమే ఉంటుంది."

ఆ రాత్రి వంటింటి బల్ల మీద ఆ మూడు పేజీలు పెట్టుకుని కొట్టేస్తూ కూర్చున్నాను. లైన్లో ఉన్న ఏళ్ళు కొట్టేశాను. పన్నుల మాట కొట్టేశాను. పాప గురించి రాసిన పేరా కొట్టేయడానికి చేతులు రాలేదు. చివరికి అదీ పోయింది, దాని స్థానంలో "డేకేర్ నెలకు 1,420 డాలర్లు, సీటు వదులుకుంటే మళ్ళీ దొరకదు, బిల్లు జతచేశాను" అన్న వాక్యం మిగిలింది. మొత్తం పద్నాలుగు వాక్యాలు. పైన రసీదు నంబర్లు, మధ్యలో తేదీలు, కింద ఒకే ఒక్క విన్నపం. చదువుకుంటే మనిషి రాసిన ఉత్తరంలా లేదు. కానీ మొదటిసారి, చదివినవాడికి నా సమస్య ఏంటో అర్థమవుతుందనిపించింది.

ఆవిడ ఇంకో విషయం కూడా ముందే చెప్పేసింది. వాళ్ళు అడగగలరు, గుర్తు చేయగలరు, వచ్చిన జవాబు మనకి చేరవేయగలరు. అప్రూవ్ చేయమని గానీ, లైన్లో ముందుకు జరపమని గానీ ఆజ్ఞాపించలేరు. నిర్ణయం ఎప్పటికీ ఏజెన్సీదే. జూన్ 12న ఎంక్వైరీ వెళ్ళింది. జవాబుకి 30 రోజుల దాకా పట్టొచ్చంది. ఆ నెల నాన్న ఫోన్ చేసినప్పుడల్లా, "అక్కడ మనకి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా తల్లీ?" అని అడిగేవారు. ఎవరూ అక్కర్లేదు నాన్నా, ఫారం నింపితే చాలు అంటే ఆయనకి నమ్మకం కుదరలేదు.

ఈలోపు నేనే కస్టమర్ లైన్‌కి ఫోన్ చేసి ఎక్స్‌పెడైట్, అంటే ఫైలు త్వరగా చూడమని, అడిగాను. తొమ్మిది రోజుల్లో కుదరదని వచ్చింది. తర్వాత చదివితే కారణం అర్థమైంది. పనిచేసే అనుమతి కావాలన్నది ఒక్కటే చాలదు, దానితోపాటు గట్టి కారణం, ఆధారాలు చూపాలని వాళ్ళ నియమాల్లోనే ఉంది. నేను ఫోన్లో "ఉద్యోగం పోతుంది" అన్నాను తప్ప కాగితం ఒక్కటీ ఇవ్వలేదు.

జూలై 8న జవాబు వచ్చింది. కేస్‌వర్కర్ దాన్ని అలాగే నాకు పంపింది. రెండు పేరాలు. కేసు మామూలు ప్రాసెసింగ్ టైమ్‌లోనే ఉంది, వచ్చిన వరుసలోనే చూస్తాం. వెబ్‌సైటు నాలుగు నెలలుగా చెప్తున్న మాటే, ఈసారి లెటర్‌హెడ్ మీద. ఆ రోజు అన్నం సహించలేదు. మా ఆయన "పోనీలే, అడిగాం కదా" అంటే ఆయన మీద కూడా కోపం వచ్చింది.

జూలై 14, సోమవారం. సాయంత్రం అయిదున్నరకి లాప్‌టాప్, బ్యాడ్జి ఇచ్చేశాను. మా మేనేజరు లిఫ్ట్ దాకా వచ్చింది. కంపెనీ జీతం లేని సెలవు 60 రోజులు ఇచ్చింది, సెప్టెంబర్ 12 దాకా. ఆ తర్వాత ఆ పోస్టులోకి వేరేవాళ్ళని తీసుకుంటామని కాగితం మీద రాసి ఇచ్చారు. లైసెన్సు కూడా ఆ రోజుతోనే అయిపోయింది కాబట్టి బ్యాడ్జి ఇచ్చి కిందికి వచ్చి మా ఆయన కోసం ఎదురుచూశాను. పెండింగ్ రసీదు చూపించి లైసెన్సు పొడిగించుకోవాలని తర్వాత రెండుసార్లు వెళ్ళాను, కుదరలేదు. ఆ 50 రోజులూ డేకేర్‌కి, సరుకులకి పక్కింటి అక్కే తిప్పింది. జీతం పోతుందని ముందే తెలుసు. కానీ పాలు అయిపోతే ఒకరిని అడగాల్సి రావడం ఇంత బాధగా ఉంటుందని అనుకోలేదు.

ఒక వారం ఏమీ చేయలేదు. జూలై 21న అక్క బలవంతం మీద డిస్ట్రిక్ట్ ఆఫీసుకి నేరుగా వెళ్ళాను. అపాయింట్‌మెంట్ లేదు. ఒక బ్యాంకు ఉన్న భవనంలో రెండో అంతస్తు, రెండు గదులు, ఒక జెండా, అయిదు కుర్చీలు. గార్డు లేడు, పేరు రాసుకున్నారు, అంతే. నా పక్క కుర్చీలో సైన్యంలో పనిచేసినవాళ్ళ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన. ఒళ్ళో ప్లాస్టిక్ ఫోల్డరు, దాని మూలలు అరిగిపోయి టేపు వేసి ఉంది. నన్ను చూసి, "ఇమిగ్రేషనా?" అన్నాడు. అవునన్నాను. "నాది వైకల్య పెన్షన్. పద్నాలుగు నెలలు" అన్నాడు. ఆ మాట వినగానే నాలో బిగుసుకుపోయి ఉన్నదేదో వదులైంది. ఈ దేశంలో పుట్టి, ఈ దేశం కోసం పనిచేసిన మనిషి కూడా అదే కుర్చీలో ఫోల్డరు పట్టుకుని కూర్చున్నాడు. అప్పటిదాకా నాలో ఉన్న, అడుక్కోవడానికి వచ్చానన్న భావం అక్కడ పోయింది.

ఫోన్లో విన్న ఆవిడ నిజంగానే యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలు తలమీదికి నెట్టుకుని నా ఫైలు తీసింది. "గతసారి మనం జరగబోయేది చెప్పాం. ఇప్పుడు జరిగిపోయింది. కొత్తగా ఏం కాగితాలున్నాయి?" అని అడిగింది. కొత్త విషయం ఉంటేనే రెండోసారి అడగడానికి బలం ఉంటుందట. అదే ఎంక్వైరీ మళ్ళీ పంపితే అదే జవాబు వస్తుంది. ఈసారి ఎక్స్‌పెడైట్ కోరుతూ వాళ్ళ ఆఫీసు ద్వారా పంపుదాం, తీవ్ర ఆర్థిక నష్టం అన్న కారణం కింద, నాకు, కంపెనీకి ఇద్దరికీ ఎంత నష్టమో చూపిద్దాం అంది. ఏమేం కావాలో పసుపు కాగితం మీద తనే రాసి ఇచ్చింది: జీతం లేని సెలవు లెటర్, సెప్టెంబర్ 12 తేదీ కనిపించేలా. చివరి మూడు పే స్లిప్పులు. ఇంటి లోన్ స్టేట్‌మెంట్. డేకేర్ బిల్లు. కంపెనీకి ఏం నష్టమో మేనేజరు సంతకంతో లెటర్‌హెడ్ మీద.

చివరిది తెప్పించడానికే ఆరు రోజులు పట్టింది. మేనేజరు వెంటనే రాసింది. కంపెనీ లీగల్ వాళ్ళు చదివి, ఒక పదం మార్చి, మళ్ళీ చదివి పంపారు. "ఆమె లేకపోవడం ఇబ్బందిగా ఉంది" అని మొదట రాశారు. నేను బతిమాలి, సెప్టెంబర్ 30కి ఇవ్వాల్సిన రిపోర్టు ఏది, దాన్ని చేసేది నేనొక్కదాన్నే అన్న సంగతి, ఆలస్యమైతే కాంట్రాక్టులో ఏమవుతుందో రాయించుకున్నాను. జూలై 28న మొత్తం 17 పేజీలు లాయరుకి కాపీ పెట్టి పంపాను. 29న ఎక్స్‌పెడైట్ వెళ్ళింది.

ఆగస్టు 6న ఏజెన్సీ నుంచి నాకే నేరుగా మెయిల్ వచ్చింది, ఎక్స్‌పెడైట్‌కి ఆధారాలు పంపమని. అది స్పామ్ ఫోల్డర్లో ఉంది. ఆ వారం రోజూ స్పామ్ కూడా చూసుకోమని కేస్‌వర్కర్ చెప్పకపోయి ఉంటే నేను చూసేదాన్నే కాదు. పంపిన కాగితాలే మళ్ళీ అడిగారని చిరాకుపడలేదు, అదే రోజు అవే 17 పేజీలు, అదే వరుసలో పంపేశాను.

ఆగస్టు 19, మంగళవారం. పొద్దున 9:40కి కేస్‌వర్కర్ మెయిల్. ఒకటే లైను. ఐ-539, ఐ-765 రెండూ అప్రూవ్ అయినట్టు వాళ్ళకి సమాచారం వచ్చిందని. స్టేటస్ పేజీ తీస్తే ఇంకా పాత మాటే. మళ్ళీ తీశాను, మళ్ళీ తీశాను. మధ్యాహ్నం రెండు దాటాక మారింది. మా ఆయనకి ఫోన్ చేస్తే మాట రాలేదు నాకు. ఆయన అవతల "ఏమైంది, ఏమైంది" అని కంగారుపడిపోయారు.

కార్డు తయారీ 21న, పోస్టులో వేసింది 26న, మెయిల్ బాక్సులోకి వచ్చింది 30న, శనివారం. సోమవారం లేబర్ డే సెలవు. మంగళవారం కొత్త కార్డుతో ఐ-9 (పనిచేసే అర్హత చూపే ఫారం) కాగితాల పని, బుధవారం నుంచి ఉద్యోగం. సెలవు గడువుకి ఇంకా తొమ్మిది రోజులుంది.

కాంగ్రెస్ ఆఫీసు వల్లే వచ్చిందా అని అందరూ అడుగుతున్నారు. నేను చెప్పలేను. నాకంటే రెండు వారాలు ముందు ఫైల్ చేసిన ఒకావిడకి ఎవరూ అడగకుండానే జూలైలో వచ్చింది. ఇంకొకావిడ వాళ్ళ కాంగ్రెస్ ఆఫీసు ద్వారానే అడిగింది, ఇంకా రాలేదు. నాకు ఖాయంగా తెలిసినది ఇంతే. మొదటి ఎంక్వైరీకి ఏమీ కదల్లేదు. రెండోసారి తేదీలు, కాగితాలు ఉన్నాయి, మూడు వారాల్లో కదిలింది. ఆ మూడు పేజీల ఉత్తరాన్నే పట్టుకుని కూర్చుంటే నేనింకా స్టేటస్ పేజీ చూస్తూనే ఉండేదాన్ననుకుంటున్నాను.

ఖర్చు చెప్పాలి కదా. ఆ ఆఫీసు ఒక్క డాలరు కూడా తీసుకోలేదు, అడగలేదు. మేం ఏ పార్టీయో అడగలేదు. ఆ కాంగ్రెస్ సభ్యుడిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ప్రింట్లకి, స్కాన్లకి లైబ్రరీలో నాలుగు డాలర్లు అయ్యాయి. పోయినదల్లా ఏడు వారాల జీతం.

సెప్టెంబర్ 5న కేస్‌వర్కర్‌కి థాంక్స్ చెప్తూ మెయిల్ రాశాను. ఈసారి పాప గురించి రాసుకున్నాను, రెండు వాక్యాలు. తిరిగి జవాబు రాసింది, ఫైలు మూసేస్తున్నానని, ఇలాంటి మెయిళ్ళు దాచుకోవడానికి తన దగ్గర ఒక ఫోల్డరు ఉందని. ఆ సాయంత్రం నాన్నకి వీడియో కాల్ చేసి కార్డు చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ దగ్గరికి వచ్చి చదువుకున్నారు. "అయితే ఎవరి ఇంటికీ వెళ్ళలేదన్నమాట" అన్నారు. లేదు నాన్నా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కార్డు మీద గడువు 2028 జూలై 14. దానికి 180 రోజుల ముందు, అంటే జనవరి 16 నుంచి రెన్యువల్ వేసుకోవచ్చు. ఆ తేదీని ఫోన్ క్యాలెండర్లో పెట్టుకున్నాను. దాని కింద నోట్‌లో కేస్‌వర్కర్ పసుపు కాగితం ఫోటో పెట్టాను.